సెలవుల్లో విశాఖ హైవే: బయటి కార్లను ఆపాలా, వద్దా?

మద్దిలపాలెం వాసి:
వరుసగా మూడు రోజులు సెలవులు వస్తే చాలు, హనుమంతవాక నుంచి ఎండాడ దాకా హైవే మీద బండ్లు కదలవు. విమ్స్, హెల్త్ సిటీ ఆసుపత్రులు కూడా ఆ పక్కనే ఉన్నాయి. అంబులెన్సులు అరకు, రుషికొండ బీచ్‌కి వెళ్లే కార్ల మధ్య ఇరుక్కుపోతుంటే చూడలేకపోతున్నాం. ఊటీకి వెళ్లే వాహనాలకు మద్రాస్ హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఈ-పాస్, అంటే ముందే ఆన్‌లైన్లో తీసుకోవాల్సిన అనుమతి, పెట్టారు. మరుసటి ఏడాది ఏప్రిల్ నుంచి సీజన్లో మామూలు రోజుల్లో 6,000, శని ఆదివారాల్లో 8,000 బండ్లే అని పరిమితి కూడా విధించారు. రుషికొండ వైపు వచ్చే వాటికి మనమూ అలా ఎందుకు పెట్టకూడదు?

క్యాబ్ డ్రైవర్:
బయటి కార్లంటే ఏవి సార్? 2019 నుంచి కొత్త బండ్లకు రాష్ట్రమంతా ఒకటే సిరీస్. నంబరు ప్లేటు చూసి ఇది గాజువాక బండి, ఇది గుంటూరు బండి అని ఏ కానిస్టేబుల్ చెప్పగలడు? పైగా విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు విశాఖ పిక్నిక్ స్పాట్ కాదు. కేజీహెచ్ ఆసుపత్రికి వస్తారు, కాలేజీలకు వస్తారు, పెళ్లి బట్టలకు వస్తారు. వాళ్లను పాస్ అడగడం అన్యాయం. మాకు ఏడాదంతా ఈఎంఐ కట్టేంత గిరాకీ దొరికేది ఈ సీజన్లోనే.

కొమ్మాడి నివాసి:
ఊటీకి దారులు కొన్నే, చెక్‌పోస్టులూ కొన్నే. మనది చెన్నై–కోల్‌కతా ఎన్‌హెచ్ 16. ఊరి మధ్య నుంచే పోతోంది. ఊళ్లో పని లేని లారీల కోసం అనకాపల్లి నుంచి సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురానికి ఆరు లైన్ల బైపాస్ వేశారు. ఇక మిగిలిన జబ్బు జంక్షన్లదే. హనుమంతవాక, ఎండాడ, కార్‌షెడ్ దగ్గర అడ్డంగా దాటే లోకల్ ట్రాఫిక్ కోసం హైవే మొత్తం ఆగాలి. ఎన్ఏడీ జంక్షన్లో ఫ్లైఓవర్ వచ్చాక ఎంత మారిందో చూశాం కదా. మెట్రో ప్లానులో కింద ఫ్లైఓవర్, పైన రైలు అంటున్నారు. అది త్వరగా కట్టమని అడుగుదాం.

మద్దిలపాలెం వాసి:
ఎన్ఏడీ విషయం ఒప్పుకుంటాను. అక్కడ బండ్లు ఎటు వెళ్లేవి అటు వెళ్లిపోతాయి. ఎండాడ దగ్గర అలా కాదండీ. సెలవు రోజు సాయంత్రం సగం కార్లు కిందికి, రుషికొండకే దిగుతాయి. అక్కడ పార్కింగ్ నిండగానే వరుస వెనక్కి పెరిగి హైవే ఎక్కుతుంది. పైన ఫ్లైఓవర్ కడితే ఆ కార్లు రెండు నిమిషాలు ముందొచ్చి అదే వరుసలో నిలబడతాయి, అంతే.

ఆర్టీసీ రిటైర్డ్ ఉద్యోగి:
ఇన్ని మాటల్లో బస్సు ఊసే రాలేదు, అందుకే రాస్తున్నాను. పెందుర్తి, సింహాచలం వైపు బీఆర్‌టీఎస్ అని రోడ్డు మధ్యలో బస్సులకు లైన్లు వేశారు. అడవివరం దగ్గర దేవస్థానం భూముల వల్ల ఆ పని ఏళ్లపాటు నిలిచిపోయింది. ఉన్న లైన్లలో సరిపడా బస్సులు తిప్పలేదు, కార్లే నిండాయి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణం ఇచ్చే స్త్రీ శక్తి పథకం వచ్చింది, సిటీ బస్సులు కిటకిటలాడుతున్నాయి. మంచిదే. కానీ టూరిస్టుల కోసమని వాటిలోంచి బస్సులు తీస్తే రోజూ పనికెళ్లే ఆడవాళ్లు రోడ్డు మీద నిలబడాలి. ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండకు డబుల్ డెక్కర్లు వేశారు, పిల్లలు సరదాపడుతున్నారు. ఆ రెండు బండ్లతో రద్దీ తగ్గదు. ముందు కొత్త బస్సులు కొనండి, తర్వాత కార్లు ఆపండి.

క్యాబ్ డ్రైవర్:
బస్సులు నిజంగా ఉంటే మాకూ అభ్యంతరం లేదు. సొంత కార్లను పైనే ఆపండి. ముసలివాళ్లను, చంటిపిల్లల తల్లులను మాత్రం కిందిదాకా దింపనివ్వాలి.

మద్దిలపాలెం వాసి:
సరే, పాస్ మాట పక్కన పెడదాం. డిసెంబరు 31 రాత్రి బీచ్ రోడ్డులోకి బండ్లు రానివ్వకుండా పోలీసులు ఎలాగూ ఆపుతారు, జనం నడిచే వెళ్తారు. వచ్చే కార్తీక మాసం ఆదివారాల్లో కొమ్మాడి, ఎండాడ దగ్గర కార్లకు స్థలం చూపించి, కిందికి పది నిమిషాలకో బస్సు వేయమని నగరపాలక సంస్థ జీవీఎంసీకి, ట్రాఫిక్ పోలీసులకు అర్జీ పెడదాం. ఖాళీ స్థలం ఎక్కడుందో కొమ్మాడి వాళ్లకే బాగా తెలుసు. ఇక్కడ రాయండి, అర్జీలో చేరుస్తాను.

కొమ్మాడి నివాసి:
స్థలాలు రేపు చూసి చెప్తాను. ఫ్లైఓవర్ కూడా అర్జీలో ఉండాలి, లేదంటే నేను సంతకం పెట్టను.