పొట్టు తీయని రొయ్యకు అనుమతి: ఇక్కడి రైతు బతుకుతాడా?

చెరువుగట్టు (మెల్‌బోర్న్):
పొట్టు తీయని భారత రొయ్యలకు ఆస్ట్రేలియా తొలి అనుమతి ఇచ్చిందని 2025 అక్టోబరులో మంత్రి నారా లోకేశ్ ప్రకటించారు. ఇది ఎప్పుడో జరగవలసిన పని. 2016 చివర క్వీన్స్‌లాండ్‌లోని లోగన్ నది ఒడ్డు చెరువులకు రొయ్యలను చంపే వైరస్ వ్యాధి అయిన తెల్లమచ్చ తెగులు సోకింది. ఆ తరువాత షరతులు బిగించారు: దిగుమతి చేసుకునే పచ్చి రొయ్యకు తల, పొట్టు మాత్రమే కాక, 2020 నుంచి వీపు మీది నల్లనరం కూడా తీయించి, ప్రతి సరుకునూ పరీక్షిస్తున్నారు. ఇది తెగులు పేరు చెప్పి కట్టిన గోడ అనే నేను భావిస్తున్నాను. ఆ వైరస్ ఏ దారిన వచ్చిందో నేటికీ నిర్ధారణగా తేలలేదు కదా?

లోగన్‌తీరం (బ్రిస్బేన్):
చెరువుగట్టు గారూ, దారి తేలకపోవడం వేరు, ప్రమాదం లేకపోవడం వేరు. అప్పట్లో దుకాణాల్లో అమ్మే దిగుమతి పచ్చి రొయ్యల్లో ఆ వైరస్ ఉన్నట్లు పరీక్షల్లోనే బయటపడింది. వంటకు కొన్న రొయ్యను గాలానికి ఎరగా గుచ్చి నదిలో వేసే అలవాటు ఇక్కడ ఉంది. 2017 జనవరిలో దిగుమతులు ఆపి, జూలైలో కఠినమైన షరతులతో మళ్ళీ అనుమతించడానికి కారణం ఇదే.
నేను ఒక రొయ్యల క్షేత్రంలో నాణ్యతా విభాగంలో పనిచేస్తున్నాను. తెగులు తరువాత నది నీటిని వడకట్టనిదే చెరువులోకి వదలడం లేదు. ఆ వడపోత యంత్రాల ఖర్చు, చెరువు నీటికి గాలి అందించడానికి రాత్రంతా తిరిగే ఏరియేటర్ల కరెంటు బిల్లు, మేత అన్నీ కలిసి మా మీదే పడుతున్నాయి. పైగా 2025 జూలై నుంచి కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు, తాత్కాలిక కార్మికునికి దానిపై మరో పావు వంతు ఇవ్వాలి.

పులసప్రియ (సిడ్నీ):
కొనేవారి గోడు కూడా కాస్త వినండి. క్రిస్మస్ వారంలో ఇక్కడి రొయ్య ధర చూసి మా ఇంట్లో చికెన్‌తో సరిపెట్టుకున్నాము.

చెరువుగట్టు:
లోగన్‌తీరం గారు ఎర సంగతి చెప్పి అసలు ప్రశ్నను దాటవేశారు. ఎర వల్ల ప్రమాదం ఉంటే, ఎరగా వాడడాన్ని నిషేధించాలి. నెల్లూరు రైతు పండించిన పంటకు నరం ఎందుకు తీయించాలి? వ్యాధి సంగతి మాకు కొత్త కాదు. 1994-95లో తెల్లమచ్చ సోకి మా నాన్నగారి చెరువుల్లో టైగర్ రొయ్యలన్నీ మూడు రోజుల్లో చచ్చి తేలాయి. వడ్డీకి తెచ్చిన డబ్బు తీర్చడానికి ఎకరాలు అమ్ముకున్నాము. అప్పుడు మా చెరువుల చుట్టూ ఎవరూ గోడ కట్టలేదు.

డార్విన్‌దరి:
పెంపకపు చెరువుల గొడవే వింటున్నాము. కార్పెంటేరియా సింధుశాఖలో ఏప్రిల్‌లో బనానా రొయ్య, ఆగస్టు నుంచి టైగర్ రొయ్య పట్టే పడవలకు డీజిలే ప్రధానమైన ఖర్చు. వాటి గురించి కూడా ఎవరైనా రాస్తే బాగుంటుంది.

లోగన్‌తీరం:
మీ నాన్నగారి నష్టం విని బాధ కలిగింది. అయితే అదే తెగులు ఇక్కడికి రాకూడదని కోరుకోవడం తప్పెలా అవుతుంది? 2022లో న్యూ సౌత్ వేల్స్‌లోని క్లారెన్స్ నది ప్రాంతంలో తెల్లమచ్చ బయటపడినప్పుడు, అక్కడి జాలర్లు పట్టిన పచ్చి రొయ్యను ఆ ప్రాంతం దాటించకుండా ఆంక్షలు పెట్టారు. చెరువు లేనివారు కూడా మూల్యం చెల్లించారు.

చెరువుగట్టు:
తెగులే మీ భయమైతే, మా వైపు తెగులు లేదని ధ్రువీకరించిన ప్రాంతం నుంచి వచ్చే సరుకుకు కూడా ఎందుకు అడ్డు చెబుతున్నారు? మీరు కాపాడుకుంటున్నది నదిని కాదు, మీ ఉద్యోగాన్ని!

లోగన్‌తీరం:
అవును, ఉద్యోగాన్ని కూడా. దాచవలసిన అవసరం నాకు లేదు. ఈ దేశంలో గంట కూలి ఇచ్చి పొట్టు ఒలిపించి అమ్మితే లాభం మిగలదు. అందుకే మా క్షేత్రంలో పట్టిన రొయ్యను వెంటనే గట్టు మీది షెడ్డులోనే ఉడికించి, ఐసులో చల్లార్చి, తలతో, పొట్టుతో, మీసాలు కూడా విరగకుండా పెట్టెలకెత్తుతాము. ఒలిచిన రొయ్య విదేశాలది, నిండు రొయ్య మాది అన్నట్లుగా ఇన్నాళ్ళూ సర్దుకుపోయాము. ఉడికించిన రొయ్యకు పచ్చిదాని షరతులు లేకపోయినా, మా దగ్గర అప్పటికప్పుడు ఉడికినదానితో గడ్డకట్టించి తెచ్చినది పోటీ పడలేకపోయింది. ఇప్పుడు పచ్చి నిండు రొయ్య చవకగా వస్తే, దుకాణదారు దాన్ని ఇక్కడే ఉడికించి మా పక్కనే అదే అల్మరాలో పెడతాడు. ధర చూసే కొనుగోలుదారు ఎటు చెయ్యి చాస్తాడో పులసప్రియ గారిని అడగండి.

పులసప్రియ:
మొహమాటం లేకుండా చెబుతున్నాను, చవకైనదే తీసుకుంటాను.

చెరువుగట్టు:
మొదటే ఈ మాట చెప్పి ఉంటే, తెగులు మీద ఇంత రాయవలసిన పని లేదు. నా మాట కూడా వినండి. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరిన తరువాత, మా తమ్ముడి 40 కౌంట్ (కిలోకు నలభై తూగే) వనామి రకం రొయ్యను కొనడానికి వచ్చిన ఏజెంటు చెప్పిన రేటు మేత అప్పుకే చాలలేదు. మరో మార్కెట్ తెరుచుకోకపోతే వాడు చెరువు ఎండగట్టుకోవలసిందే. మీకు జీతం, వాడికి పంట.

లోగన్‌తీరం:
ఇక్కడ పొట్టు రొయ్యకు తలుపు తెరిస్తే మీ తమ్ముడి గట్టు మీద ఆ ఏజెంటు రేటు పెంచుతాడన్న హామీ ఎవరిస్తారు? లాభం రొయ్యను శుద్ధి చేసి ఎగుమతి చేసే ప్లాంటు దగ్గరే ఆగిపోతే, ఇక్కడ మేమూ అక్కడ మీ తమ్ముడూ ఇద్దరమూ మునుగుతాము.

చెరువుగట్టు:
ఏజెంటు సంగతి మేము చూసుకుంటాము. ముందు తలుపు తెరవనివ్వండి.

డార్విన్‌దరి:
డీజిల్ గురించి ఇంకా ఎవరూ రాయలేదు.