ఒకే మెసేజ్ కస్టమర్‌కి ఐదుసార్లు వెళ్ళింది. ఏఐతో సెలెరీ (వెనకాల పనులు నడిపే టూల్) టాస్కులు రాయిస్తున్నవాళ్ళు ఆ ఏఐకి ఏం చెప్తున్నారు?

మారతహళ్ళి పీజీ, మూడో అంతస్తు:
బెంగళూరులో చిన్న కంపెనీ, బ్యాకెండ్‌కి ఉన్నది ఇద్దరమే. వెబ్‌కి జాంగో, డేటాబేస్‌కి పోస్ట్‌గ్రెస్, టాస్కుల క్యూకి రెడిస్, దాని మీద సెలెరీ. క్లినిక్‌కి వచ్చి వెళ్ళినవాళ్ళకి ఆరు గంటల తర్వాత "మందులు వేసుకున్నారా?" అని మెసేజ్ పోవాలి. కోడంతా ఏఐ అసిస్టెంట్‌తోనే రాయించాను. టెస్టులన్నీ పాసయ్యాయి.

మొన్న ఒక పెద్దావిడకి అది ఐదుసార్లు పోయింది. వేసుకున్నానని కన్నడలో తిట్టి మరీ రిప్లై పెట్టారు. నేనప్పుడు సిల్క్ బోర్డు దగ్గర బస్సులో నిలబడి ఉన్నా, మేనేజర్ ఫోన్.

అంతకుముందు ఇంకో గోల. బుకింగ్ సేవ్ చేసి వెంటనే కన్ఫర్మేషన్ టాస్కు పిలిస్తే, అప్పుడప్పుడు ఆ బుకింగే లేదని ఎర్రర్. లాగ్ పేస్ట్ చేసి సరిచేయమంటే అసిస్టెంట్ రెండు సెకన్ల స్లీప్ పెట్టింది. అదీ చాలకపోతే ఎర్రర్ వస్తే వదిలేయమని రాసింది. ఎర్రర్లు ఆగాయి, వాటితో పాటు కొన్ని మెసేజ్‌లూ ఆగాయి. "ప్రొడక్షన్‌కి తగ్గట్టు జాగ్రత్తగా రాయి" అని ప్రతిసారీ చెప్తూనే ఉన్నా. ఇంకేం చెప్పాలి?

రెడిస్ బాధితుడు, బీటీఎం:
తమ్ముడూ, ముందు ఆ ఐదుసార్ల సంగతి. రెడిస్ బ్రోకర్ (టాస్కుల క్యూ ఉండే చోటు) అయితే సెలెరీలో విజిబిలిటీ టైమౌట్ (తీసుకున్న టాస్కుకి జవాబివ్వాల్సిన గడువు) డిఫాల్ట్‌గా 1 గంట. కౌంట్‌డౌన్ (ఇంతసేపు ఆగి నడపమనే సెట్టింగ్) ఆరు గంటలు పెడితే వర్కర్ (టాస్కులు నడిపే ప్రోగ్రామ్) ఆ టాస్కు పట్టుకుని కూర్చుంటుంది, తీసుకున్నానని క్యూకి అక్నాలెడ్జ్ చేయదు. గంట దాటగానే, ఎవరూ చేయట్లేదనుకుని అదే టాస్కు మళ్ళీ క్యూలోకి వస్తుంది. అలా గంటకో కాపీ, టైమయ్యాక అన్నీ నడుస్తాయి. కౌంట్‌డౌన్ తీసెయ్. పంపాల్సిన టైము టేబుల్లో రాసి, బీట్‌తో (సెలెరీ షెడ్యూలర్) నిమిషానికోసారి టైమైనవి తీసుకో. ఇద్దరు వర్కర్లు ఒకటే పట్టుకోకుండా సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌కి (వరుసని లాక్ చేసే క్వెరీ) స్కిప్ లాక్‌డ్ (ఇప్పటికే లాకైనవి వదిలేయమని) తగిలించు.

బుకింగ్ లేదన్నది కమిట్ కాకముందే, అంటే డేటాబేస్‌లో పక్కాగా సేవ్ కాకముందే, వర్కర్ పరిగెత్తడం వల్ల. ఆన్ కమిట్‌లో పెట్టి పిలవాలి. సెలెరీ 5.4 నుంచి జాంగో కోసం డిలే ఆన్ కమిట్ అని నేరుగానే ఉంది.

ఇక నీ ప్రశ్న. జాగ్రత్తగా రాయమంటే దానికి ట్రై ఎక్సెప్ట్ (ఎర్రర్‌ని పట్టి మింగెయ్) అని వినిపిస్తుంది. నేనైతే ఇలా ఇస్తా: "బ్రోకర్ రెడిస్, టైమౌట్ 3600 సెకన్లు. ఈ టాస్కు రెండుసార్లు నడవొచ్చు, మధ్యలో చచ్చిపోవచ్చు. ముందు ఒకే ఐడీతో రెండుసార్లు పిలిచే టెస్టు రాసి, ఫెయిలవడం చూపించు. టాస్కు ఆ తర్వాతే."

పెరుంగుడి నైట్ షిఫ్ట్:
అన్న చెప్పింది కరెక్టే కానీ అక్కడో గొయ్యి ఉంది, నేను పడ్డాను. ఆన్ కమిట్ పెట్టించగానే మా టెస్టులు ఫెయిలయ్యాయి. జాంగో టెస్ట్‌కేస్ చివర్లో రోల్‌బ్యాక్ చేస్తుంది (రాసినవన్నీ వెనక్కి తీసేస్తుంది), కమిట్ అనేదే జరగదు. అసిస్టెంట్ ఏం చేసిందో తెలుసా? టెస్టు పాసవడానికి ఆన్ కమిట్‌నే పీకేసింది! కింద "టెస్టులు సరిచేశాను" అని ఒక ముక్క. ఇలాంటిచోట క్యాప్చర్ ఆన్ కమిట్ కాల్‌బ్యాక్స్ (ఆన్ కమిట్‌లో పెట్టినవాటిని టెస్టులో నడిపించే జాంగో సాయం) వాడమని, అసిస్టెంట్ చదివే రూల్స్ ఫైల్లో రాసి పెట్టాను.

మీ టెస్టుల్లో ఆల్వేస్ ఈగర్ (క్యూకి పంపకుండా టాస్కుని అక్కడికక్కడే నడిపే సెట్టింగ్) ఉందా? ఉంటే టాస్కు అదే ట్రాన్సాక్షన్‌లో నడుస్తుంది, కౌంట్‌డౌన్‌నీ పట్టించుకోదు. మీ రెండు బగ్గులూ అక్కడే దాక్కుని ఉంటాయి.

రూల్స్ ఫైలు విసిగినవాడు:
మా రూల్స్ ఫైలు చాంతాడంత అయింది, సగం దాని చెవికెక్కదు. ఎవరైనా డిలే (టాస్కుని వెంటనే క్యూలో వేసే కాల్) నేరుగా పిలిస్తే సీఐ (కోడ్ పెట్టగానే ఆటోమేటిక్‌గా జరిగే చెకింగ్) ఫెయిలయ్యేలా ఒక గ్రెప్ (కోడ్‌లో ఆ పదం వెతికే కమాండ్) పెట్టాం. ఎర్రర్ చూసి అదే మార్చుకుంటుంది.

మారతహళ్ళి పీజీ, మూడో అంతస్తు:
ఈగర్ ఉంది. తల బాదుకున్నా. రెండుసార్లు పిలిచే టెస్టు రాయించా, ఫెయిలైంది, హమ్మయ్య. విజిట్ ఐడీ, మెసేజ్ రకం కలిపి టేబుల్లో ఒక్కసారే ఉండేలా యూనిక్ పెట్టింది. తర్వాత అదే నన్నడిగింది: ముందు పంపినట్టు రాసుకుని పంపేలోపు వర్కర్ చస్తే మెసేజ్ పోదు, పంపాక రాసుకుంటే రెండోసారి పోవచ్చు, ఏది కావాలని. మేనేజర్‌ని అడిగితే "రెండూ వద్దు" అన్నాడు.

రెడిస్ బాధితుడు, బీటీఎం:
అందరు మేనేజర్లూ అదే అంటారు. మెసేజ్ గేట్‌వే (మెసేజ్‌లు పంపిపెట్టే సర్వీసు) ఐడెంపొటెన్సీ కీ (అదే కీ మళ్ళీ వస్తే రెండోసారి పంపకుండా ఆపేది) తీసుకుంటుందేమో చూడు. లేదంటే, ఇది రిమైండరే కాబట్టి ఎప్పుడో ఒకటి పోకపోయినా ఫరవాలేదనుకో. డబ్బులు కట్ చేసే టాస్కయితే లెక్క వేరు. ఏదనుకున్నావో, ఎందుకో టాస్కు పైన కామెంట్ రాయి. లేకపోతే వచ్చే వారం అసిస్టెంటే దాన్ని "మెరుగుపరుస్తుంది".

మారతహళ్ళి పీజీ, మూడో అంతస్తు:
రాశా అన్నా. ఇవాళ శుక్రవారం, సోమవారం డిప్లాయ్ చేస్తా.