‘ఇంటర్‌లోపర్’కి తెలుగులో ఏమందాం?

ఒక సందేహం అండీ. 17వ శతాబ్దపు మద్రాసు గురించి వ్యాసం రాస్తున్నాను. థామస్ పిట్ అనే ఇంగ్లీషు వర్తకుణ్ణి ఈస్టిండియా కంపెనీవాళ్ళు ‘ఇంటర్‌లోపర్’ అనేవారు. ‘చొరబాటుదారు’ అని రాయనా, ‘దొంగ వర్తకుడు’ అననా?

జవాబు: రెండూ వద్దండీ. చొరబాటుదారు అనగానే ఇవాళ సరిహద్దూ సైన్యమూ గుర్తొస్తాయి. ఇక దొంగ అందామంటే, పిట్ ఎవరి సరుకూ ఎత్తుకుపోలేదు, ఒడిశా రేవు బాలాసోర్‌లో డబ్బిచ్చే కొన్నాడు. తూర్పుదేశాల వర్తకమంతా కంపెనీకి ఇంగ్లండు రాజు రాసిచ్చిన గుత్త, అంటే ఇంకెవరూ చెయ్యకూడదన్న హక్కు, అందులో చెయ్యి పెట్టడమే అతని తప్పు. మన సారా వేలంపాటల రోజులు గుర్తు తెచ్చుకోండి, పాట పాడుకున్నవాడు ఉండగా ఆ ఊళ్ళో ఇంకొకడు అమ్మితే ఊరుకునేవాడా? సరుకు వాడిదే, అమ్మే హక్కు మాత్రం వాడిది కాదు.

ఆ ఇంగ్లీషు మాట కూడా 16వ శతాబ్దం చివర ఇలాంటి గుత్తకంపెనీల గొడవల్లోనే పుట్టింది. దేశదిమ్మరిని వాళ్ళు ‘ల్యాండ్‌లోపర్’ అనేవారు, డచ్చి నుంచి వచ్చిన మాట. దాని తోక ‘లోపర్’కి ముందు ‘మధ్య’ అని అర్థమిచ్చే ‘ఇంటర్’ తగిలించారు.

పిట్ కథ చూస్తే ఇది తిట్టు కాదనీ, గుత్తకి లోపలా బయటా అన్న లెక్క మాత్రమేననీ తెలుస్తుంది. ఇంగ్లండుకి తిరిగి వెళ్ళాక కంపెనీ అతనికి 1000 పౌన్ల జరిమానా వేయించింది, తర్వాత 400కి తగ్గింది. 1689లో పార్లమెంటు సభ్యుడయ్యాడు, ఓల్డ్ సారం అనే, జనమే లేని నియోజకవర్గాన్ని భూమితో సహా కొనేశాడు, సభ్యుడుగా ఉంటూనే 1693లో మళ్ళీ ఓడ తీసుకుని బెంగాలు వచ్చాడు. ఆపలేక కంపెనీయే రాజీపడి, 1698కల్లా అతన్ని మద్రాసుకి గవర్నరుగా పంపింది! అప్పుడు మచిలీపట్నంలో పోటీ కంపెనీ తరఫున దిగినవాడు అతని బంధువే, జాన్ పిట్. ఆ జాన్ అధికారాన్ని థామస్ ఒప్పుకోనే లేదు. గుత్త లోపలికి రాగానే గుత్తకి కాపలాదారు అయిపోయాడు.

అందుకే ‘గుత్త మీరిన వర్తకుడు’ అనండి.

ప్రశ్న: బాగుందండీ, కానీ మా తెలంగాణలో గుత్తేదారు అంటే కాంట్రాక్టరు కదా, పొరబడరా?

జవాబు: పొరబడే వీలుంది, నిజమే. మొదటిసారి వచ్చినచోట ‘కంపెనీ గుత్తాధిపత్యాన్ని మీరి వ్యాపారం చేసేవాడు’ అని పూర్తిగా రాయండి, ఆ తర్వాత చిన్నమాట వాడుకోవచ్చు. గుత్తాధిపత్యం పేపర్లలో రోజూ కనిపించేదే కాబట్టి పాఠకుడు అందుకుంటాడు. ‘అనుమతి లేని వర్తకుడు’ అని మాత్రం రాయకండి, లైసెన్సు రెన్యువల్ మర్చిపోయినవాడిలా వినిపిస్తుంది.