ఐఈఎల్‌టీఎస్ వ్యాసాలు బట్టీ పట్టించడం సరైనదేనా?

బరంపురం అక్క

అందరికీ నమస్కారం. మాది బరంపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, మా తమ్ముడి చదువంతా అలాగే సాగింది. డిగ్రీలో మాత్రం ఇంగ్లీషు పుస్తకాలు. ఇప్పుడు విదేశాల్లో ఎమ్మెస్సీకి అప్లై చేస్తున్నాడు. యూనివర్సిటీ వాళ్లు విదేశీ చదువుకి రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో మొత్తం మీద 9కి 6.5 రావాలి, ఏ విభాగంలోనూ 6కి తగ్గకూడదు అన్నారు. వినడం, మాట్లాడటం పర్వాలేదు. చదవడం, రాయడం దగ్గరే ఆగిపోతున్నాడు.

ఒక కోచింగ్‌లో చేర్పించాం. అక్కడ వ్యాసాల పుస్తకం ఒకటి చేతికిచ్చి రోజూ అప్పజెప్పించుకుంటున్నారు. ఏ ప్రశ్న వచ్చినా మొదటి పేరా, చివరి పేరా ఒకటే. మధ్యలో ఖాళీలు ఉంటాయి, ప్రశ్నలోని మాటలు తెచ్చి వాటిలో పెట్టాలి. వాడు రాసింది నేను చదివితే వాడు రాసినట్టే లేదు. పరీక్ష ఫీజే వేల రూపాయలు అవుతోంది, మళ్లీ మళ్లీ కట్టే స్తోమత మాకు లేదు. బట్టీ పట్టమనాలా, మానేయమనాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

కోచింగ్ సారు, ఛత్రపురం

అమ్మా, నేను చేసేది ఈ పనే కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది ఇంగ్లీషులో సొంతంగా ఒక పేరా రాసి ఎరగరు. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా నోట్సు చూసి నేర్చుకుని రాసినవాళ్లే. అలాంటి పిల్లవాణ్ణి కూర్చోబెట్టి ‘నీ ఆలోచన రాయి’ అంటే గంటసేపు పెన్ను కొరుక్కుంటూ కూర్చుంటాడు. పరీక్షలో రైటింగ్‌కి మొత్తం 60 నిమిషాలు. గ్రాఫు వర్ణనకి 20 తీసేస్తే వ్యాసానికి మిగిలేది 40, అందులో కనీసం 250 మాటలు రాయాలి. ఎక్కడ మొదలుపెట్టాలో ముందే తెలిస్తే సగం భయం పోతుంది.

ఈత నేర్చుకునేవాడికి సొరకాయ బుర్ర కడతాం. అది తప్పని ఎవరూ అనరు కదా. నా దగ్గర ఇలా నేర్చుకుని 6 తెచ్చుకున్న పిల్లలు ఉన్నారు. మీ తమ్ముణ్ణి మధ్యలో మాన్పించకండి.

పర్లాకిమిడి మాస్టారు

సారు చెప్పిన ఇబ్బంది నిజం. దానికి ఆయన చూపిన దారితోనే నాకు పేచీ.

రైటింగ్‌లో మార్కులు ఎలా పడతాయో ముందు చూద్దాం. నాలుగు అంశాలు, నాలుగింటికీ సమాన వాటా. అడిగినదానికి జవాబు చెప్పాడా లేదా, చెప్పిన విషయం ఒక క్రమంలో నడిచిందా, మాటల ఎంపిక ఎలా ఉంది, వాక్యాలు ఎంత రకరకాలుగా, ఎంత తప్పుల్లేకుండా ఉన్నాయి. బట్టీ పట్టిన పేరా వీటిలో దేనికి పనికొస్తుంది? అది ప్రశ్న రాకముందే తయారైంది కాబట్టి మొదటిదానికి పనికిరాదు. మాటలు, వాక్యాలు చూసేటప్పుడు దిద్దేవాళ్లకి కావలసింది పిల్లవాడి సొంత శక్తి. మొదటి పేరా పండితుడిలా ఉండి రెండో పేరా తడబడుతుంటే ఏది ఎవరిదో తెలిసిపోతుంది. జవాబు మొత్తం కంఠస్థం చేసి రాసినదని రుజువైతే సున్నా అని బయటికి ఇచ్చిన ప్రమాణాల్లోనే ఉంది. మీ తమ్ముడి పుస్తకం అంత దూరం వెళ్లకపోవచ్చు. కానీ 250 మాటల్లో ఎనభై, తొంభై ఎవరివో అయితే, అతనివని లెక్కించడానికి మిగిలేది ఎంత?

పైగా ప్రశ్న స్వరూపం మారుతూ ఉంటుంది. ఒకసారి ‘ఎంతవరకు అంగీకరిస్తావు’ అంటారు. ఒకసారి రెండు వాదనలూ చర్చించి నీ అభిప్రాయం చెప్పమంటారు. ఒకసారి కారణాలు, పరిష్కారాలు అడుగుతారు. ఒకే మొదటి పేరా అన్నింటికీ అతికిందంటే అది దేనికీ జవాబు కాదన్నమాట. అందులోనూ ఈ వ్యాసం ప్రశ్నకి గ్రాఫు ప్రశ్నకన్నా రెట్టింపు విలువ. అక్కడ పోయిన మార్కు ఇంకెక్కడా రాదు.

మా ఊళ్లో ఉండి ఈ మాట అనకుండా ఉండలేను. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలోనే. వందేళ్ల కిందట ఆయన పోట్లాడింది కూడా బడిపిల్లలు వ్యాసం ఏ భాషలో రాయాలన్న దాని మీదే. ఎవరూ మాట్లాడని గ్రాంథికాన్ని పండితులే తప్పుల్లేకుండా రాయలేకపోతున్నారు, పిల్లల నెత్తిన ఎందుకు రుద్దుతారని ఆయన వాదం. మన పిల్లల ఇంగ్లీషు విషయంలో నాకూ అదే బాధ. తనకి చేతనైన వాక్యంలో తన మాట చెప్పనివ్వరు. అర్థం పూర్తిగా తెలియని బరువైన వాక్యాలు మోయిస్తారు.

మరి ఏం చేయాలి అంటారా? రోజుకి ఒక్క పేరా. వ్యాసం అక్కర్లేదు. ఒక అభిప్రాయం, దానికి ఒక కారణం, మన చుట్టుపక్కల నుంచే ఒక ఉదాహరణ. కుర్రాళ్లు ఊరు విడిచి సూరత్ మిల్లులకి వెళ్లడం గురించి గంజాం పిల్లవాడికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? అది రాస్తే పరీక్షలో పనికిరాదని ఎవరు చెప్పారు? సొంత అనుభవం నుంచి ఉదాహరణ ఇవ్వమని ప్రశ్నపత్రంలోనే అడుగుతారు.

ఒడియా బడిలో చదివిన పిల్లలకి ఒక లాభం ఉంది, దాన్ని ఎవరూ వాడుకోరు. ఇంగ్లీషులో ‘ఏ’ ఎక్కడ, ‘ది’ ఎక్కడ అన్నది మనవాళ్లకి తెగదు, ఎందుకంటే తెలుగులో ఆ ఏర్పాటు లేదు. ఒడియాలో కొంత ఉంది. ‘గొటిఎ బహి’ అంటే ఏదో ఒక పుస్తకం. ‘బహిటి’ అంటే మనకిద్దరికీ తెలిసిన ఆ పుస్తకం. బహిటి అనబుద్ధేసిన చోట చాలామటుకు ‘ది’ పడుతుంది. ప్రతిచోటా కాదు, కానీ తప్పులు బాగా తగ్గుతాయి. క్లాసులో ఇలా చెప్పినప్పుడు వెనక బెంచీవాళ్లు కూడా పట్టుకున్నారు.

గుణుపురం కుర్రాడు

అక్కా, అందరూ రైటింగ్ గురించే మాట్లాడుతున్నారు. రీడింగ్ మాటేటి? మీ తమ్ముడికి అది కూడా ఆగిపోతోందన్నారు కదా.

మూడు పాఠాలు, 40 ప్రశ్నలు, 60 నిమిషాలు. 23 సరిగ్గా రాస్తే దాదాపు 6, 30 రాస్తే 7 వస్తాది. తప్పుకి మార్కు కొయ్యరు, అంచేత ఒక్కటి కూడా ఖాళీ వదలొద్దనండి. మావాళ్లందరికీ దెబ్బ పడేది ‘ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్’ దగ్గరే. ఒక ఉదాహరణ చెప్తాను. పాఠంలో ‘రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి’ అని ఉందనుకోండి. కింద ప్రశ్నలో ‘ఒడిశాలో ఈ తాబేళ్లు రుషికుల్య దగ్గర మాత్రమే గుడ్లు పెడతాయి’ అని ఇస్తారు. గహిర్‌మఠ దగ్గర కూడా పెడతాయని మనకి తెలుసు, టక్కున ‘ఫాల్స్’ అని పెట్టేస్తాం. పాఠంలో మిగతా చోట్ల ఊసే లేకపోతే జవాబు ‘నాట్ గివెన్’. ‘ఫాల్స్’ అనాలంటే పాఠమే దానికి ఎదురు చెప్పాలి. మనకి తెలిసింది పక్కన పెట్టి కాగితం మీద ఉన్నదే చూడటం బట్టీ పడితే రాదు. దానికి పాత పేపర్లు చెయ్యాలి, తప్పు పోయిన ప్రతి ప్రశ్నకీ పాఠంలో ఆ లైను వెతికి గీత గియ్యాలి.

ఇంకోటి. కంప్యూటర్ మీద రాస్తే, ఒక్క విభాగంలోనే తగ్గినప్పుడు ఆ ఒక్కదాన్నీ 60 రోజుల్లోపు మళ్లీ రాసుకోవచ్చు. మీ యూనివర్సిటీ దాన్ని ఒప్పుకుంటాదో లేదో ముందే మెయిల్ పెట్టి అడగండి.

కోరాపుట్ చెల్లి

మాస్టారూ, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను ఇక్కడి సెంట్రల్ యూనివర్సిటీలో డిగ్రీ కోసం సీయూఈటీ ప్రవేశ పరీక్ష రాస్తున్నాను. ఇంగ్లీషు పేపరుకి కూడా ఇదే చదువు సరిపోతుందా?

పర్లాకిమిడి మాస్టారు

చదవడం వరకు సరిపోతుందమ్మా. అందులో వ్యాసం ఉండదు. 2025 పద్ధతి ప్రకారం 50 ప్రశ్నలు, 60 నిమిషాలు, అన్నీ రాయాల్సినవే. పాఠాలతో పాటు వాక్యాల క్రమం, సమానార్థకాలు, వ్యతిరేక పదాలు వస్తాయి. సరైన జవాబుకి 5, తప్పుకి 1 పోతుంది. కాబట్టి గుణుపురం తమ్ముడు చెప్పినట్టు గుడ్డిగా అన్నీ నింపెయ్యకు. కనీసం ఒకటి రెండు ఐచ్ఛికాలు కొట్టేయగలిగినప్పుడే ఊహించు.

కోచింగ్ సారు, ఛత్రపురం

మాస్టారూ, మీరంటే గౌరవం. అయినా ఒక మాట అడుగుతాను. మీకు పిల్లవాడు కాలేజీలో మూడేళ్లు దొరుకుతాడు. నాకు రెండు నెలలు. ఆ మూడేళ్లలో రోజుకో పేరా రాయించి ఉంటే వాడు నా దగ్గరికి వచ్చేవాడే కాదు. డబ్బు కట్టి, అడ్మిషన్ తేదీ నెత్తిమీద పెట్టుకుని వచ్చినవాడికి ‘మెల్లగా నీ శైలి నీకు వస్తుంది’ అని నేను చెప్పలేను. వాడి వెనక ఇల్లు ఉంది, అప్పు ఉంది. మొదటి వాక్యం చేతిలో పెట్టి పంపడం మోసం కాదు.

పర్లాకిమిడి మాస్టారు

కాలేజీల్లో రాయించడం లేదన్నది నిజం, అందులో మా వంతు బాధ్యత ఉంది. మోసం అని నేను అనలేదు, అనను కూడా.

క్రమం నేర్పండి, నాకు అభ్యంతరం లేదు. మొదటి పేరాలో నీ పక్షం చెప్పు, తరువాతి రెండింటిలో ఒక్కో కారణం, చివర ముగింపు. అది రెండు రోజుల్లో వస్తుంది. వాక్యాలు మాత్రం పిల్లవాడివే కావాలి. ఎలా తేల్చుకోవాలంటే, ప్రశ్నని చేత్తో మూసేసి మొదటి పేరా ఒక్కటే ఇంకొకరిచేత చదివించండి. ప్రశ్న ఏమిటో వాళ్లు చెప్పగలిగితే ఆ పేరా ఉంచుకోవచ్చు. చెప్పలేకపోతే కొట్టేసి మళ్లీ రాయాలి. రెండు నెలలున్నా ఈ పని చేయించవచ్చు సారూ.

రాయగడ నుంచి, ఇప్పుడు విదేశంలో

నేను ఇలాంటి ఖాళీలు నింపే బట్టీ పేరాలతోనే గట్టెక్కినవాణ్ణి. 6.5 వచ్చింది, సీటూ వచ్చింది. కష్టం ఆ తరువాత మొదలైంది. మొదటి టర్మ్‌లోనే ఒక్కో సబ్జెక్టుకి 2,000 మాటల వ్యాసం అడిగారు, చదివిన పేపర్లని నా మాటల్లో చెప్పమన్నారు. ఎక్కడి వాక్యమైనా అలాగే దించితే సాఫ్ట్‌వేర్ పట్టేస్తుంది. సొంతంగా రాయడం అప్పుడు నేర్చుకున్నాను, అద్దె కట్టుకుంటూ, రాత్రి షిఫ్టులు చేసుకుంటూ. అక్కయ్యా, ఆ పని ఇంటి దగ్గర, అమ్మ వండిన అన్నం తింటూ చేసుకునే అవకాశం మీ తమ్ముడికి ఉంది. బరంపురంలోనే చేయమనండి.

బరంపురం అక్క

అందరికీ ధన్యవాదాలు. మీరు రాసినవన్నీ వాడికి చదివి వినిపించాను. మాస్టారు చెప్పినట్టు ప్రశ్న మూసి మొదటి పేరాలు మా నాన్నగారికి చూపించాం. ఆయన రిటైరైన గుమస్తా, ఇంగ్లీషు బాగా చదువుతారు. ఒక్కదానికి కూడా ప్రశ్న ఏమిటో చెప్పలేకపోయారు. కోచింగ్ మాన్పించడం లేదు, కట్టిన ఫీజు తిరిగి రాదు. పుస్తకం అప్పజెప్పడం మాత్రం ఇవాళ్టి నుంచి ఆపేశాడు. మీరెవరైనా ఒక ప్రశ్న ఇస్తే సొంతంగా రాసి ఇక్కడ పెడతానంటున్నాడు.

పర్లాకిమిడి మాస్టారు

ఇదిగో ప్రశ్న. ‘పల్లెల్లోని యువత పని కోసం దూరపు నగరాలకు వెళ్లడం వల్ల పల్లెలకు మేలుకన్నా కీడే ఎక్కువ. ఎంతవరకు అంగీకరిస్తావు?’ ఇంగ్లీషులోకి అతనే మార్చుకోనీ. గడియారం పెట్టుకుని 40 నిమిషాలు, నిఘంటువు లేకుండా. తప్పులు దిద్దకుండా రాసింది రాసినట్టే పెట్టమనండి.

కోచింగ్ సారు, ఛత్రపురం

నేనూ దిద్దుతాను. నాలుగు అంశాలకీ విడివిడిగా మార్కు వేసి, ఎక్కడ ఎందుకు తగ్గించానో రాస్తాను. మాస్టారు కూడా అలాగే వేయాలి, నాది చూడకముందే. ఆదివారం సాయంత్రానికి రెండూ ఇక్కడే పెడదాం.