భూ వినియోగ ప్రణాళికలో నేల రక్షణ: మేలైన భూమిని ఎలా తేల్చాలి, పైమట్టికి ఏ షరతులు పెట్టాలి?

ముసాయిదా:
పల్లె పొలాలకు పదేళ్ల భూ వినియోగ ప్రణాళిక తయారవుతోంది. నేల గురించి అందులో ఉన్నదల్లా ఒక్క వాక్యం: "సారవంతమైన సాగు భూములను వీలైనంతవరకు కాపాడాలి." వీలైనంతవరకు అంటే ఎంతవరకో! ఏ భూమి మేలైనదో తేల్చడానికి భూసార పరీక్ష సరిపోతుందా? ఇళ్లకో గోదాములకో పొలం ఇవ్వక తప్పనిచోట పైమట్టికి ఏ షరతులు రాయాలి?

నల్లరేగడి:
భూసార పరీక్ష దీనికి పనికిరాదండీ. నత్రజని, భాస్వరం అంకెలు వేసిన ఎరువును బట్టి మారిపోతాయి. అమ్మదలచినవాళ్లు పొలాన్ని నాలుగేళ్లు ఎరువు లేకుండా వదిలేసి "సారం లేదు" అని కాగితం పట్టుకొస్తారు. అంత తేలిగ్గా మారని లక్షణాలను పట్టుకోండి: నేల లోతు, వాలు, ఇసుక–బంకమట్టి పాళ్లు, రాళ్లు, ముంపు, నీరు ఇంకే తీరు. అమెరికా పద్ధతిలో వీటితోనే భూమిని 8 తరగతులు చేస్తారు, మొదటి నాలుగూ దున్నదగ్గవి. ఇంగ్లండులో 5 గ్రేడులు. మూడోదాన్ని రెండుగా చీల్చి 1, 2, 3ఎ వరకే మేలైన భూమిగా లెక్కిస్తారు. మీ ముసాయిదాలో లేనిది అలాంటి గీతే.

ఆ తరగతులను కమతాల హద్దుల పటం మీద గీసి ప్రణాళికకు జతచేయాలి. 1:50,000 నేల పటాన్ని పెద్దది చేసి వాడితే మాత్రం చిక్కే. అందులో 1 మి.మీ. అంటే నేల మీద 50 మీటర్లు, గీత ఎవరి గట్టు మీద పడిందో చెప్పలేం. తగాదా వచ్చినచోట ఆగర్‌ (నేలను తొలిచి మట్టి తీసే బరమా)తో మీటరు లోతు దాకా మట్టి తీసి చూడాలి. ఖర్చు దరఖాస్తుదారుడిది, నిపుణుడి ఎంపిక మాత్రం స్థానిక సంస్థది.

గట్టుమీద:
హెక్టారుకు 15 సెం.మీ. పైమట్టి అంటే 1,500 ఘనపు మీటర్లు, సుమారు 2,000 టన్నులు. అది ఎక్కడికి చేరాలో అనుమతి పత్రంలో లేకపోతే మెరక కింద పూడిపోతుంది.

తడి మీద మట్టి తీయనివ్వకండి. చిటికెడు తీసి పేనినప్పుడు 3 మి.మీ. మందం పోగు విరగకుండా సాగిందంటే ఇంకా ఆరలేదు (ఇసుక నేలకు ఈ పరీక్ష కుదరదు). పైమట్టి, అడుగు మట్టి వేర్వేరు కుప్పలు పోయాలి. పైమట్టి కుప్ప 3 మీటర్లు దాటకూడదు, బంక నేలైతే 2 మీటర్లకే ఆపడం మేలు. అంతకు మించితే లోపల గాలాడక వానపాములు చస్తాయి, తవ్వినప్పుడు మురుగు వాసన కొడుతుంది. కుప్ప మీద బండ్లు ఎక్కించకూడదు. ఆరు నెలలు మించి ఉంచితే పైన గడ్డి విత్తాలి.

తిరిగి పరిచేముందు అడుగు నేలను రిప్పర్‌ (గట్టి నేలను చీల్చే ఇనుప పళ్ల పనిముట్టు)తో 30–45 సెం.మీ. చీల్చాలి. కాంట్రాక్టర్లు ఎగ్గొట్టేది సరిగ్గా ఇదే. అడుగు గట్టిగా ఉంటే పైన ఎంత మంచి మట్టి పరిచినా నీరు ఇంకదు, వేరు దిగదు.

వాలుకొలత:
పై ఇద్దరూ చెప్పింది సరే గానీ, పోయేది మార్చిన భూమి ఒక్కటే కాదు. చెదురుమదురుగా ప్లాట్లకు అనుమతులిస్తే వాగుదారులు తెగి, వాన నీరంతా ఒకేచోట పక్క పొలం మీద పడుతుంది. హెక్టారులో 1 మి.మీ. మట్టి కొట్టుకుపోతే దాదాపు 13 టన్నులు, కంటికి ఆనదు. అందుకే పటంలో నీటి దారులు, వాటి పక్క గడ్డి పట్టీలు కూడా గీయండి. గట్ల విషయంలో అన్ని నేలలకూ ఒకే నియమం రాయొద్దు. లోతైన నల్లరేగడిలో కాంటూరు గట్లు (వాలుకు అడ్డంగా, ఒకే ఎత్తు గీత వెంట వేసేవి) ఎండకు బీటలిచ్చి తెగుతాయి, వానాకాలం వాటి వెనక నీరు నిలుస్తుంది. అక్కడ నీటిని మెల్లగా పక్కకు నడిపే వాలు గట్లే నయం.

ముసాయిదా:
షరతులు పాటించారో లేదో చూసేదెలా?

గట్టుమీద:
పని మొదలుకాకముందే ధరావతు కట్టించుకోండి. తిరిగిచ్చేముందు హెక్టారుకు పది గుంటలైనా తవ్వి పైమట్టి లోతు కొలవండి. సగటు ఒప్పుకోవద్దు. ఏ గుంటలోనైనా షరతులో రాసిన లోతు తగ్గితే డబ్బు ఆపాలి, లేదంటే దారి పక్కన మందంగా పోసి లోపల పలుచగా సర్దేస్తారు.