సెల్లార్‌లో పెట్టే అమ్మకంలో పాత క్రీడా కార్డులకు ధర ఎలా కట్టాలి?

ప్రశ్న: నక్కలగుట్ట నివాసి

మాది హనుమకొండ నక్కలగుట్టలో ఒక అపార్ట్‌మెంట్. మే నెలలో ఒక ఆదివారం, ఇళ్లలో వాడకుండా పడి ఉన్న వస్తువులను సెల్లార్‌లో బల్లలు వేసి అమ్మాలని అందరం అనుకున్నాం. అమెరికాలో ఇంటి గ్యారేజీలో ఇలా అమ్ముతారట. పదకొండేళ్లు న్యూజెర్సీలో ఉండి తిరిగి వచ్చిన మా అక్క ఇచ్చిన ఆలోచన ఇది. అక్కడ ఇలాంటి అమ్మకాల్లోనే మా మేనల్లుడు పోగుచేసుకున్న, ఆటగాళ్ల బొమ్మలుండే కార్డుల పెట్టె ఇప్పుడు మా అటక మీద ఉంది. అందులో దాదాపు 1,400 కార్డులున్నాయి. వెనుక సన్నని అక్షరాల్లో ఉన్న సంవత్సరాన్ని బట్టి చూస్తే చాలావరకు 1988 నుంచి 1993 మధ్య అచ్చయిన బేస్‌బాల్ కార్డులే. ఇవి కాక నా చిన్ననాటి రెజ్లింగ్ ట్రంప్ కార్డుల కట్టలు మూడు, మా అబ్బాయి వదిలేసిన స్లామ్ అటాక్స్ (రెజ్లింగ్), క్రికెట్ అటాక్స్ కార్డులు రెండు ఆల్బమ్‌ల నిండా ఉన్నాయి.

ఒక బేస్‌బాల్ కార్డు 2022లో 1 కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడైందని తెలిసిన నాటి నుంచి మా బావగారు ఆ పెట్టెను ఎవరినీ ముట్టనివ్వడం లేదు. పాత సామాను కొనే అతను మాత్రం అన్నీ కలిపి గుండుగుత్తగా ఆరు వందలు ఇస్తానన్నాడు. ఈ రెండింటి మధ్య సరైన ధర ఎక్కడ ఉంటుందో చెప్పగలరా? మంచివనిపించిన కార్డులను చౌరస్తాలో జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించి బల్ల మీద పెడదామని కూడా అనుకుంటున్నాను.

జవాబు: కార్డుల కలెక్టర్, కాజీపేట (జిల్లా కలెక్టర్‌ను కాను)

ముందుగా ఆ లామినేషన్ ఆలోచనను మానుకోండి. పదో తరగతి మెమోకు మనం చేసే మర్యాద కార్డుకు పనికిరాదు. వేడికి ప్లాస్టిక్ ఒకసారి అతుక్కున్న తరువాత దానిని సేకరించేవారు ఎవరూ కొనరు, ఊడదీయబోతే పైపొర లేచి వస్తుంది. వెనుక మీ మేనల్లుడు పెన్నుతో పేరు రాసుకుని ఉంటే దానిని చెరిపే ప్రయత్నం కూడా చేయకండి.

మీ బావగారు చెబుతున్నది 1952లో టాప్స్ కంపెనీ వేసిన, మికీ మాంటిల్ అనే బేస్‌బాల్ ఆటగాడి కార్డు. దానికి అంత ధర పలకడానికి కారణం పాతదనం ఒక్కటే కాదు. ఆ ఏడాది అమ్ముడుపోక మిగిలిన పెట్టెలను 1960లో సముద్రంలో పారబోయించానని ఆ కంపెనీలో కార్డులను రూపొందించిన సై బెర్గర్ స్వయంగా చెప్పుకున్నాడు. ఆ రోజుల్లో పిల్లలు కార్డులను సైకిల్ చక్రాల చువ్వలకు తగిలించుకుని తిరిగేవారు, తల్లులు చెత్తలో వేసేవారు. అలా పోగా మిగిలినవి కొన్నే. మీ పెట్టెలోని సంవత్సరాలది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన కథ. పాత కార్డులకు వేలకు వేలు వస్తున్నాయని తెలిసిన జనం 1980ల చివర్లో కొత్త కార్డులను పెట్టెలకు పెట్టెలు కొని దాచుకున్నారు, కంపెనీలు కూడా లెక్క లేకుండా అచ్చు వేశాయి. అందరూ దాచిన వస్తువుకు కొరత ఎక్కడి నుంచి వస్తుంది? ఆ కాలపు మూత తీయని పెట్టెలు కూడా అక్కడ నేటికీ చవకగానే దొరుకుతున్నాయి.

అయితే మొత్తం తీసిపారేయకుండా ఒక పూట కూర్చుని వెతకండి. 1989లో అప్పర్ డెక్ కంపెనీ వేసిన వరుసలో 1వ నంబరు కార్డు, కెన్ గ్రిఫీ జూనియర్‌ది, ఉందేమో చూడండి; ఆ కాలపు కార్డుల్లో నేటికీ అడిగి కొనేవారున్న వాటిలో అది ముఖ్యమైనది. బాస్కెట్‌బాల్ కార్డుల్లో 1986 నాటి ఫ్లీర్ కంపెనీ 57వ నంబరు, మైకేల్ జోర్డాన్‌ది, కనిపిస్తే సంతోషపడే ముందు అనుమానపడండి, ఎందుకంటే దానికి నకిలీలు చాలా ఉన్నాయి. దొరికిన కార్డు నాలుగు మూలలను, అంచులను దీపం కింద పెట్టి చూడండి. కార్డు ఎంత బాగుందో పరీక్షించే పీఎస్ఏ వంటి సంస్థలు 1 నుంచి 10 వరకు గ్రేడు వేస్తాయి. పదికి, ఎనిమిదికి మధ్య ధరలో ఉండే తేడా మామూలు కంటికి కనిపించని ఒక చిన్న ముడతలో ఉంటుంది. ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైట్‌లో ధర చూసేటప్పుడు అమ్మేవారు అడుగుతున్న ధరను కాక, నిజంగా అమ్ముడైన వాటి ధరను మాత్రమే చూడండి. అడగడానికి ఎవరైనా ఎంతైనా అడుగుతారు.

జవాబు: ఇద్దరు పిల్లల అమ్మ, కరీంనగర్

నక్కలగుట్ట గారూ, మా కాలనీలో పోయిన వేసవిలో ఇలాగే పిల్లల బొమ్మలు, పుస్తకాలు, కార్డులు అమ్మాం కాబట్టి బల్ల దగ్గర ఏం జరుగుతుందో చెబుతాను. మీ దగ్గరకు వచ్చే కొనుగోలుదారుకు పదేళ్లుంటాయి, చేతిలో ఇరవై రూపాయలుంటాయి. అతనికి బేస్‌బాల్ ఆటగాడి పేరు తెలియదు. ధోనీ, కోహ్లీ, జాన్ సీనా తెలుసు. అందువల్ల అబ్బాయి ఆల్బమ్‌లే ముందు పెట్టండి. క్రికెట్ కార్డులను జట్ల వారీగా విడదీసి పెట్టెల్లో నిలబెడితే పిల్లలు వేళ్లతో తిప్పుకుంటూ గంటసేపు అక్కడే ఉంటారు. మేము ఒక్కొక్కటి ఐదు రూపాయలు, పది కార్డులు నలభై అని అట్టముక్క మీద పెద్దగా రాసి పెట్టాం. ధర రాయని చోట పిల్లలు సిగ్గుపడి అడగకుండా వెళ్లిపోతారు, పెద్దలు వచ్చి ఐదును రెండు చేయమంటారు. బోణీ బేరం ఒక్కటి మాత్రం కాదనకండి.

ట్రంప్ కార్డుల కట్టను అమ్మే ముందు లెక్కపెట్టి, ఒకటి తక్కువైనా ఆ సంగతి కట్ట మీదే రాయండి. ఇంటికి వెళ్లి ఆట మొదలుపెట్టాక తెలిస్తే వాళ్ల నాన్నతో సహా తిరిగి వస్తారు. పిల్లల దగ్గర ఫోను ఉండదు కాబట్టి క్యూఆర్ కోడ్‌ను నమ్ముకోకుండా చిల్లర దగ్గర పెట్టుకోండి. సెల్లార్‌లో ఉక్కకు పెడెస్టల్ ఫ్యాను పెడతారు కదా, దాని గాలి బల్లకు తగలకుండా చూసుకోండి. మావి రెండు వందల కార్డులు స్కూటర్ల కిందికి పోయాయి. ఎండాకాలంలో పాత ఆల్బమ్ కవర్లు కార్డులకు అతుక్కుంటాయి, నెమ్మదిగా ముందు రోజే తీసిపెట్టండి.

అన్నిటికంటే ముందు మీ అబ్బాయిని, మీ మేనల్లుడిని అడిగారా? ప్రశ్నలో ఆ మాట ఎక్కడా కనిపించలేదు.

జవాబు: సిరిసిల్ల పాఠకుడు

పై ఇద్దరితో నేను సగమే ఏకీభవిస్తాను. అమెరికా కార్డులను హనుమకొండలో ఏ ధరకు పెట్టినా తప్పే అవుతుంది, ఎందుకంటే ఇక్కడ వాటిని ఎరిగినవారు లేరు. ఆ పెట్టెను బల్ల మీదికి తేకుండా, ఏరిన పది ఇరవై కార్డులను అటు వెళ్లే బంధువుల సామానులో పంపి అక్కడే అమ్మించండి. పార్సెల్ చేస్తే కార్డు ధర కంటే తపాలా ఖర్చే ఎక్కువవుతుంది. గుండుగుత్త బేరం మాత్రం ఏరడం పూర్తయ్యే వరకు ఒప్పుకోకండి.

ప్రశ్న అడిగినవారు: నక్కలగుట్ట నివాసి

అందరికీ ధన్యవాదాలు. కరీంనగర్ అమ్మగారు అడిగింది నిజమే, ఎవరినీ అడగలేదు. రాత్రి ఫోను చేస్తే మేనల్లుడు అన్నీ అమ్మేయమన్నాడు. పూణేలో చదువుతున్న మా అబ్బాయి మాత్రం ఆల్బమ్‌లలో ఒకటి ఉంచమన్నాడు, ఏదో చెప్పకుండానే. రెండింటినీ ఫోటోలు తీసి పంపాను.

గ్రిఫీ కార్డు దొరికింది. కట్టకు వేసిన రబ్బరు బ్యాండు ఎండి, కరిగి, దాని కుడి అంచున లోతుగా గీత దించింది. ఇక దీనికి పెద్ద ధర రాదని బావగారికి వివరించాను. ఆయన అంతా విని, దానిని ఒక కవరులో పెట్టి బీరువాలో అక్క పట్టుచీరల కింద దాచారు.