సీఎస్‌వీలో రాసి మళ్లీ చదివితే అంకె మారుతోంది

ప్రశ్న: రాయగడ దగ్గరి పొలాల సర్వే పాయింట్లు సీ ప్రోగ్రాంలో డబుల్‌గా (దశాంశ సంఖ్యల్ని 64 బిట్లలో దాచే రకం) ఉన్నాయి. "%ఎఫ్" అనే అచ్చు ఫార్మాట్‌తో సీఎస్‌వీ ఫైల్లో (కామాలతో విడదీసిన విలువల ఫైలు) రాసి తిరిగి చదివితే పాత విలువతో సరిపోవడం లేదు. ఎక్కడ పోతోందండీ?

జవాబు: "%ఎఫ్" చుక్క తర్వాత 6 అంకెలే రాస్తుంది, మిగతావి గోవిందా. "%.17జీ" పెట్టండి. డబుల్‌కి 17 సార్థక అంకెలు (మొదట్లో సున్నాలు వదిలేసి లెక్కించేవి) ఉంటే అవే బిట్లు తిరిగొస్తాయి, 15 చాలవు. ఫ్లోట్‌కైతే (డబుల్‌లో సగం చోటు పట్టే రకం) 9.

మరో జవాబు: అప్పుడు 0.1 కాస్తా 0.10000000000000001 అవుతుంది. తప్పేం కాదు, చూడ్డానికే వికారం. పొట్టిగా కావాలంటే సీ++17లో టూ_చార్స్ ఫంక్షన్ ఉంది, అదే విలువ తిరిగొచ్చే అతి పొట్టి రూపం రాస్తుంది. పైథాన్‌లో విలువను అక్షరాలుగా ఇచ్చే రెప్ర్ కూడా 3.1 వెర్షన్ నుంచి అంతే.

ఇంకొకరు: చదివేటప్పుడు ఫ్లోట్‌లోకి మాత్రం తీసుకోకండి బాబూ. 83 డిగ్రీల రేఖాంశం దగ్గర ఫ్లోట్ మెట్టు (పక్కపక్క విలువల మధ్య తేడా) 0.0000076 డిగ్రీ, మన దగ్గర నేల మీద సుమారు 80 సెంటీమీటర్లు. గట్టు తగాదాకి అది చాలు! లొకేల్ (దేశం, భాషను బట్టి అంకెలు రాసే పద్ధతి సెట్టింగు) కూడా చూడండి: దశాంశానికి కామా వాడే జర్మన్ సెట్టింగులో 19.17 ని స్ట్రటాడ్ (అక్షరాల్ని డబుల్‌గా మార్చే సీ ఫంక్షన్) 19 దగ్గరే ఆపేస్తుంది.